దావత్ మానొద్దు, పొయ్యి దగ్గర చోటు అడగండి

బరువు తగ్గాలనుకున్న మనిషికి అందరూ ఇచ్చే మొదటి సలహా దావత్‌లు బంద్ చెయ్యమని. డాక్టరు అదే చెప్తాడు, ఫోన్లో వీడియోలు అదే చెప్తాయి, పట్నంలో ఉండే దోస్తులూ అదే చెప్తారు. మా నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కు ఆ సలహా పాటించాలంటే ఊరితో సంబంధం తెంపుకోవాలి. ఎల్లమ్మ పండుగ చేసినా దావతే, బోరులో నీళ్లు పడ్డా దావతే. పిల్లగానికి పుట్టువెంట్రుకలు తీసినా, ట్రాక్టరు కొన్నా, ముసలాయనకు దినాలు చేసినా దావతే. దసరా, బోనాలు సరేసరి. ఇవి కాక ఏ పండుగా లేకుండానే నలుగురూ కలిసి యాటను, అంటే మేకనో గొర్రెనో, తెచ్చుకొని బత్తాయి తోటలోనో చెరువు కట్ట కిందనో పొయ్యి పెట్టుకునే రోజులుంటాయి. పిలిచినప్పుడు పోకపోతే, పాపం ఆరోగ్యం చూసుకుంటున్నాడులే అని ఎవరూ అనుకోరు. "వాళ్లింట్ల మేం తిన్నం, మా ఇంట్ల వాళ్లు చెయ్యి కడగలే" అనే మాట పుడుతుంది. ఒకసారి పుట్టిందంటే అది ఏండ్లకేండ్లు నడుస్తుంది.

నేను మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానేసినవాణ్ని, వీగన్ అంటారే అది. షుగరు అంచుకు వచ్చిందని, కాలేయంలో కొవ్వు చేరిందని తెలిశాక బరువు తగ్గే పని మొదలుపెట్టాను. మాంసం అప్పుడే పోయింది. పాలు మానడానికి కారణం వేరే ఉంది. మా దొడ్లో బర్రె ఈనినప్పుడు పెయ్యదూడకు పాలు వదిలేవాళ్లు, దున్న దూడకు వదిలేవాళ్లు కాదు. చిన్నప్పటి నుంచి చూసిన సంగతే అది. ఒక వయసొచ్చాక చూసి ఊరుకోవడం నావల్ల కాలేదు. అంటే ఇది మండలం రోజుల నియమం కాదు, ఉన్నన్నాళ్లూ ఉండే నియమం. అలాంటి నియమంతో ఊళ్లో బతకాలంటే దావత్‌ల సంగతి తేల్చుకోక తప్పదు. నేను తేల్చుకున్నది ఇది: దావత్‌కు పోవాలి, కానీ విస్తరి ముందు కూర్చున్నాక ఏం తినాలి, ఏం వద్దనాలి అని ఆలోచిస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది. పొయ్యి అంటుకునే వేళకే అక్కడ ఉండాలి.

ముందు ఒక భ్రమ సంగతి చెప్పాలి. మాంసం, నెయ్యి ముట్టకపోతే దావత్‌లో బరువు పెరగం అనుకుంటారు చాలామంది. బగార అన్నాన్నే తీసుకోండి. ముప్పై మందికి వండే గిన్నెలో లీటరు నూనె పోయడం మా దిక్కు మామూలే. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది, గ్రాముకు 9 కేలరీలు. మొత్తం 8,000 కేలరీల పైమాటే. తలకు 270 వచ్చి పడ్డాయి, ఇంకా బియ్యం లెక్క మొదలే కాలేదు. దానికి ముందు మిరపకాయ బజ్జీలు, కారబ్బూంది, వేయించిన పల్లీలు. 250 మిల్లీలీటర్ల కోలా సీసాలో 25 గ్రాములకు పైగా చక్కెర, అంటే ఆరు చెంచాలు. వీటిలో ఒక్కదానికీ ఏ జంతువుతోనూ సంబంధం లేదు. ఒక్కటి కూడా నా నియమం తప్పకుండా కిలోలకు కిలోలు పెరగొచ్చు. ఇక "వెజ్ వాళ్లకు" అని పక్కన ఒక గిన్నె పెడతారు. అందులో ఉండేది పనీరు, లేదంటే నూనెలో వేగిన ఆలుగడ్డ. పనీరు నాకు పనికిరాదు, ఆలుగడ్డ నా నడుముకు పనికిరాదు.

రెండోది వేళ. పన్నెండింటికి రమ్మంటారు. యాట కోసి, కడిగి, ముక్కలు కొట్టి, కట్టెలు అంటుకొని, కూర ఉడికి, విస్తరి పడేసరికి మూడున్నర, నాలుగు. ఎట్లాగూ దావత్ ఉంది కదా అని పొద్దున్నుంచి కడుపు మాడ్చుకొని వచ్చినవాడి ముందు ఆ నాలుగు గంటలూ ఉండేది కారబ్బూంది ప్లేటు, కూల్‌డ్రింకు గ్లాసు. మా దిక్కు మగవాళ్ల పొట్టలు విస్తరి ముందు పెరిగినవి కావు, విస్తరి కోసం ఎదురుచూస్తూ పెరిగినవి. నేను ఇంట్లో ఉల్లిగడ్డ నంజుకొని తైద (రాగి) అంబలి తాగో, గుప్పెడు శెనగ గుడాలు తినో బయలుదేరుతాను. షుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లయితే పస్తుతో దావత్‌కు పోనే కూడదు. విస్తరి ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదముంది. కానీ ఒక జాగ్రత్త, "ఇంట్లనే తినొచ్చిన" అని మాత్రం అక్కడ అనొద్దు. పొద్దున్నుంచి పొగలో నిలబడి వండిన మనిషి ముఖం మీద ఆ మాట అనడం కంటే దావత్ ఎగ్గొట్టడమే నయం.

ఆ నాలుగు గంటలు ఎక్కడ గడపాలన్నదే నా వాదనకు కీలకం. కుర్చీలు వేసిన చోట కాదు, పొయ్యి దగ్గర. ఉల్లిగడ్డలు కోసే చేతికి కారబ్బూంది ప్లేటు అందదు. ఏ గిన్నెలో ఎంత నూనె పడిందో కళ్లారా చూస్తాం. పప్పులో నెయ్యి తాలింపు పడకముందే మనకు గిన్నెడు పక్కకు తీసుకోవచ్చు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. మా దావత్‌లలో వండినవాడు తిన్నాడా లేదా, ఏం తిన్నాడు అని ఎవరూ విస్తరిలోకి తొంగిచూడరు. వండినవాడు చివర్న తింటాడు, కొంచెమే తింటాడు, అది అందరికీ తెలిసిందే. పనిచేసిన మనిషిని అతిథి లెక్క చూడరు, ఇంటివాడి లెక్క చూస్తారు. ఇంటివాడికి బలవంతపు వడ్డన ఉండదు.

అన్నిటికంటే ముందు, పొయ్యి దగ్గర ఉన్నవాడికి ఒక వంటకం తన ఇష్టప్రకారం చేసే హక్కు దొరుకుతుంది. నేను చేసేది కాల్చిన వంకాయ తొక్కు. తుమ్మ కట్టెలు బాగా మండి నిప్పులు పడ్డాక, కూర గిన్నె కింది నుంచి నిప్పులను ఒక పక్కకు లాగాలి. పెద్ద నల్ల వంకాయలను వాటి మీద ఒక వరుసలో పెట్టాలి. మొదట తోలు ముడతలు పడుతుంది, తర్వాత తొడిమ దగ్గర రసం బుడగలు కడుతూ ఉడుకుతుంది. పుల్లతో పొడిస్తే అడ్డం లేకుండా అవతలికి దిగాలి, అప్పటిదాకా తిప్పుతూనే ఉండాలి. టమాటలు, పచ్చిమిరపకాయలు, పొట్టు తీయని ఎల్లిగడ్డ కూడా అదే నిప్పుల మీద. మాడిన తోలును కుండలో ముంచి కడిగితే పొగ వాసన నీళ్లపాలవుతుంది. వేళ్లు తడి చేసుకుంటూ చేత్తోనే ఒలవాలి. తోటలో రోలు ఉండదు కాబట్టి కడిగిన బండ మీద ఉప్పు, జీలకర్ర, నానిన చింతపండు వేసి గుండ్రాయితో కచ్చాపచ్చాగా నూరుతాను. పైన పచ్చి ఉల్లిగడ్డ తరుగు, కొత్తిమీర. నూనె చుక్క లేదు. యాటకూర దిగేలోపే సగం తొక్కు మాయమవుతుంది. అందుకే నా వంతు ముందే ఒక ఆకులో తీసిపెట్టుకుంటాను.

చలికాలమైతే దానికి తోడు అనపగింజల కూర. పాలమూరు సంతల్లో అనపకాయలు రాశులు పోసి అమ్మే రోజుల్లో ముందు రాత్రే ఒలిచి పెట్టుకుంటాం. యాటకు వేసే మసాలానే దీనికీ వేస్తాను: ధనియాలు, లవంగాలు, చెక్క, గసాలు, కొంచెం ఎండుకొబ్బరి, అల్లం ఎల్లిగడ్డ. దావత్ వాసన అని మనం దేన్ని అనుకుంటామో అందులో ఎక్కువ భాగం ఈ మసాలాదే. పచ్చి అనపగింజలు దొరకని రోజుల్లో నానబెట్టిన బొబ్బెర్లు, శెనగలు. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండాలంటే ప్రొటీన్ కావాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాములు. 70 కిలోల మనిషికి 58 గ్రాములన్నమాట. ఎండు పప్పుధాన్యాల్లో నూరు గ్రాములకు ఇరవై నుంచి పాతిక గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పల్లీల్లోనూ పాతిక గ్రాములుంటుంది గానీ, దాని వెంట 560 కేలరీల పైచిలుకు వస్తాయి. కాబట్టి పల్లి తొక్కు చెంచాడు, అనపగింజలు గిన్నెడు.

అన్నం బదులు జొన్నరొట్టె అడుగుతాను. ఇది ఎవరికీ ఇబ్బంది పెట్టే కోరిక కాదు. యాటకూరకు జొన్నరొట్టెను మించిన జోడీ లేదని తినేవాళ్లే అంటారు, ఎట్లాగూ చేస్తారు. పచ్చిపులుసూ అంతే. చింతపండు రసం, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కాసిన్ని నువ్వుల పొడి. కడుపు నిండుతుంది, కేలరీలు పెద్దగా ఉండవు, మా దిక్కు అది లేని దావత్ లేదు. కొత్త వంటకాలు అడిగి వాళ్లను తిప్పలు పెట్టే బదులు, ఉన్న వంటకాల్లో మనవి ఏరుకోవడం మేలు. బాదం పాలు, సోయా పనీరు అంటూ వీగన్ సరుకుల జాబితాతో పల్లెకు పోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది. రెండు తరాల కింద మా ఇండ్లలో వారంలో ఎక్కువ రోజులు వండినవి గట్క, గుడాలు, పుంటికూర, తొక్కులే. మాంసం పండుగ పూట మాట. ప్రతి ఆదివారం ముక్క లేకపోతే అన్నం దిగదనడం నా కళ్ల ముందే వచ్చిన మార్పు.

ఇప్పుడు తిండి కంటే కష్టమైన సంగతి. కేంద్ర ప్రభుత్వం చేయించిన 2014 ఎస్‌ఆర్‌ఎస్ బేస్‌లైన్ సర్వేలో తెలంగాణలో పదిహేనేండ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. దేశంలో అదే అన్నిటికంటే ఎక్కువ. అలాంటి చోట మాంసం ముట్టనంటే వినేవాళ్ల చెవిలో అది కులం మాటగా పడుతుంది. దానికి కారణముంది. తరతరాలుగా మాంసం ముట్టనివాళ్లు మాంసాన్ని మాత్రమే దూరం పెట్టలేదు, తినే మనుషులనూ దూరం పెట్టారు. ఆ గాయం తెలియనట్టు నటించి "నాది శుద్ధమైన తిండి" అనే వీగన్‌తో నేను కలవను.

అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను. పప్పులో పెట్టిన గంటె కూరలో పడిందా అని అడగను. ఒకే బంతిలో కూర్చుంటాను, ఒకే బిందెలో నీళ్లు తాగుతాను. నా అభ్యంతరం కోతకు, తినే మనుషులకు కాదు, వాళ్ల గిన్నెలకు కాదు. గంటె అంచుకు అంటిన పులుసు నా పప్పులో కలిస్తే ఇంకో జీవం పోదు. దాని కోసం విస్తరి ముందు నుంచి లేస్తే మాత్రం ఎదురుగా ఉన్న మనిషి మనసు విరుగుతుంది. వడ్డించమంటే అన్నం బకెట్టు, పచ్చిపులుసు బకెట్టు తీసుకుంటాను. కూర బకెట్టు తీసుకోను. ఈ గీత ఎక్కడ గీయాలన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే గానీ, శుద్ధి పేరుతో గీస్తే మాత్రం మన ఊళ్లో అది చాలా పాత గీత అవుతుంది.

అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ని ఎవరూ ఒక్క ముక్క తినమని అడగరు. ఒక్కపొద్దున్న మనిషికి వేరే వండిపెడతారు. వద్దనుకోవడాన్ని గౌరవించడం మావాళ్లకు బాగా తెలుసు. నా విషయంలో ఎందుకు ఒత్తిడి చేస్తారంటే, నా వెనక దేవుడు లేడు, నా దీక్షకు విరమణ రోజు లేదు. దీనికి చాలామంది చెప్పే ఉపాయం డాక్టరు మీద నెట్టడం. "డాక్టర్ వద్దన్నడు" అంటే నోరు మూతపడుతుందని. నేను దీన్ని గట్టిగా వద్దంటాను. డాక్టరు పేరు బరువు తగ్గేదాకే పనిచేస్తుంది. తగ్గిన మర్నాడే "ఇగ మంచిగైనవ్ గదరా, ఒక్క ముక్క తింటే ఏమైతది" అని విస్తరిలో వేస్తారు, అప్పుడు చెప్పడానికి మాట ఉండదు. మొదటి రోజే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

పెరుగు దగ్గర ఇది అన్నిటికంటే కష్టం. మాంసం తినకపోతే సర్దుకునే మా చిన్నమ్మ, పెరుగు పోసుకోకుండా లేస్తే ఊరుకోదు. "గింత పెరుగన్న పోసుకో బిడ్డా, ఉత్తగ లేస్తవా?" అని గిన్నె పట్టుకొని నిలబడుతుంది. నేను చెయ్యి అడ్డం పెట్టను. "పెరుగు మానేసిన చిన్నమ్మా, మళ్ల తినేది లేదు. నీ పచ్చిపులుసు ఇంకో గంటె పొయ్యి" అంటాను. ఆమె చేతిలో వద్దన్న గిన్నె ఒకటి ఉంటే, అడిగి పోయించుకున్న గిన్నె ఇంకోటి ఉండాలి. అది లేకుండా వద్దనొద్దు. ఈ మధ్య చిన్నమ్మే నా కోసం పులుసు వేరే చెంబులో దాచిపెడుతున్నది.

పైసల సంగతి కూడా తేటగా ఉండాలి. అందరం కలిసి చేసుకునే దావత్‌లో యాట పైసల్లో నేను వంతు ఇవ్వను. దానికి బదులు కట్టెలు, బియ్యం, కూరగాయలు, గిన్నెల కిరాయి నావి. నా వంతు వాళ్ల వంతుకు తగ్గకుండా చూసుకుంటాను. తినడు కాబట్టి ఇయ్యడు అనే మాట రానిస్తే మిగిలిన వాదనలన్నీ వృథా. కల్లు గురించి ఒక చిన్న మాట: ఈతదైనా తాటిదైనా జంతువుకు సంబంధం లేనిదే గానీ, ఆల్కహాలుకు గ్రాముకు 7 కేలరీలు, పైగా తాగాక బజ్జీలు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. నేను ముట్టను.

"గొర్లు కాసి బతికేటోళ్ల నడుమ కూసోని గిట్ల మాట్లాడుడు న్యాయమేనా?" అని మా బామ్మర్ది అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. 2019 పశుగణనలో గొర్ల సంఖ్యలో దేశంలో తెలంగాణదే మొదటి స్థానం. 2017లో ప్రభుత్వం గొల్లకురుమలకు 75 శాతం సబ్సిడీ మీద ఇరవై గొర్లు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. ఆ మందల మీదే పిల్లల ఫీజులు కట్టే ఇండ్లు నాకు తెలుసు. వాళ్ల విస్తరి ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదనుకుంటాను. ఇవ్వను. అట్లని నేను నమ్మింది దాచుకోను. అందరూ చేతులు కడుక్కున్నాక ఎవరన్నా అడిగితే, దున్న దూడ సంగతితో సహా మొత్తం చెప్తాను. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేండ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. లింగమంతుల స్వామికి పెట్టేది మాంసం లేని నైవేద్యం, అదే గట్టు మీద చౌడమ్మ తల్లికి యాటపోతులు. ఒకే జాతర, అవే కుటుంబాలు, రెండు రకాల నైవేద్యం, ఇదేందని అడిగేవాళ్లే లేరు. బామ్మర్దికి నేను చెప్పిన జవాబు అదే. ఒప్పుకోలేదు గానీ, ఆలోచిస్తానన్నాడు.

దావత్ మర్నాడు తూకం యంత్రం ఎక్కి గాబరా పడేవాళ్లకు ఒక లెక్క. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. ఒక్క పూటలో అది ఎవరివల్లా కాదు. మర్నాడు కనపడే కిలో, కిలోన్నర అంతా ఉప్పూ అన్నమూ ఒంట్లో పట్టి ఉంచిన నీళ్లే. రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. ఆ అంకె చూసి పస్తులుండటం, పస్తుతో నీరసపడి వచ్చే దావత్‌లో ఎగబడటం, ఈ చక్రంలోనే చాలామంది ఇరుక్కుంటారు. మర్నాడు మామూలు రోజులాగే రెండు రొట్టెలు, ఆకుకూర, ఒక నడక. బీ12 విటమిన్ మాత్రం ఈ తిండిలో ఎంత వెతికినా దొరకదు, మాత్ర వేసుకోవాల్సిందే. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు ఆ మందు కూడా బీ12ను తగ్గిస్తుంది, కాబట్టి రక్తపరీక్ష చేయించుకొని డాక్టరుతో మాట్లాడాలి.

బగారలో నెయ్యి సంగతి మా ఇంట్లో ఇంకా పూర్తిగా తెగలేదు. నెయ్యి వాసన లేకపోతే అది బగార కాదని వదిన పట్టు. కిందటి బోనాలకు ఒక ఒప్పందానికొచ్చాం. గిన్నెలో నూనె మాత్రమే, అదీ ముప్పావు లీటరు. నెయ్యి వేరే గిన్నెలో కరిగించి పెడతారు, కావాల్సినవాళ్లు విస్తరిలో పోసుకుంటారు. దసరాకు నూనెను అర లీటరుకు దింపుదామని అడిగాను. ముందు పది మందికి వండి చూపించు, అప్పుడు మాట్లాడుదాం అన్నది. వచ్చే ఆదివారం వండుతున్నాను.